ఒలింపస్ పెన్ ఈఈ-3: బ్యాటరీ అడగదు, చీకట్లో మాత్రం మొరాయిస్తుంది

పాత ఫిల్మ్ కెమెరా ఒకటి కొందామనుకునేవాళ్ల మధ్య ఒలింపస్ పెన్ ఈఈ-3 పేరు వచ్చిందంటే చాలు, "ఒక్క రీలుకి 72 ఫొటోలు వస్తాయట కదా" అంటారు. ఇది హాఫ్ ఫ్రేము కెమెరా, అంటే ఒక్కో ఫొటోకి మామూలు ఫొటోకి పట్టే ఫిల్మ్‌లో సగమే వాడుతుంది, కాబట్టి 36 ఫొటోల రీలుకి 72 వస్తాయి, నిజమే, జాగ్రత్తగా ఎక్కిస్తే ఒకటో రెండో ఎక్కువే వస్తాయి. కానీ ఈ బుల్లి కెమెరా కొనడానికి అది సరైన కారణం కాదంటాను నేను. కారణం దాని లెన్సు. ఇంత చవక కెమెరాకి అంత మంచి లెన్సు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది తెలిస్తే ఇవాళ దీన్ని ఎలా వాడాలో, దేనికి దీని మీద ఆశ పెట్టుకోకూడదో కూడా తెలిసిపోతుంది. అందుకే ఈ రివ్యూలో చాలా భాగం చరిత్రే. ఓపిక లేనివాళ్లు కిందికి దిగిపోవచ్చు, కొనే ముందు ఏం చూసుకోవాలో అక్కడ రాశాను.

1956లో ఒలింపస్‌లో యోషిహిసా మైతాని అనే కుర్రాడు చేరాడు. వాసెడా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడు, చదువుకునే రోజుల్లోనే కెమెరా మీద పేటెంట్ తీసుకున్నాడు, అది కంపెనీ వాళ్ల కళ్లలో పడే అక్కడికి చేరాడు. సొంతానికి వాడేది లైకా అనే ఖరీదైన జర్మన్ కెమెరా. అంటే మంచి ఫొటో ఎలా ఉండాలో బాగా తెలిసినవాడన్నమాట. కొత్తగా వచ్చాడు కదా, ఏదైనా ఒక కెమెరా డిజైన్ చేసి చూపించు అంటే అతను పెట్టుకున్న లక్ష్యం 6,000 యెన్‌లకి అమ్మగలిగే కెమెరా. అప్పట్లో ఒలింపస్ కెమెరాల ధరలు దానికి ఎన్నో రెట్లు ఉండేవి, సీనియర్లు ఈ మాటని సీరియస్‌గా తీసుకోకపోయినా తప్పుపట్టలేం.

ధర తగ్గించాలంటే ఎవరైనా ముందు కోత పెట్టేది లెన్సులోనే. ఒకే గాజుముక్క పెట్టి, పైన మెరిసే డబ్బా తొడిగి అమ్మేసే కెమెరాలు ప్రపంచమంతా వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. మైతాని దీన్ని తిరగేశాడు. ముందు లెన్సు, తర్వాతే మిగతావన్నీ. లైకా పక్కన రెండో కెమెరాగా వాడుకోగలిగేంత నాణ్యత కావాలని లెన్సు డిజైనర్లని అడిగితే వాళ్లు టెస్సార్ అనే పేరున్న జర్మన్ లెన్సు తరహాలో నాలుగు గాజులతో 28 ఎంఎం, ఎఫ్3.5 లెన్సు చేసిచ్చారు. దాని మీద డి.జుయికో అని రాసి ఉంటుంది, అందులో డి అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగోది కాబట్టి లోపల నాలుగు గాజులున్నాయని ఒలింపస్ వాళ్ల లెక్క, ఆరు గాజులుంటే ఎఫ్.జుయికో. లెన్సు అద్భుతంగా వచ్చింది, బడ్జెట్‌లో సింహభాగం అదే తినేసింది.

ఇక మిగిలిన కాస్త డబ్బుతో కెమెరా తయారుచేయాలి. ఇక్కడే అతని తెలివంతా కనిపిస్తుంది. ఫిల్మ్ జరపడానికి లివర్ పెడితే ఖర్చు, కాబట్టి వెనక బొటనవేలు తగిలే చోట ఒక పళ్ల చక్రం పైకి కనిపించేలా పెట్టేశాడు, దాన్ని తిప్పడమే. లైట్ మీటర్ లేదు. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ లేదు, అంచనాతో ఫోకస్ పెట్టుకోవాలి. షట్టర్‌కి నాలుగే స్పీడులు, సెకనులో 25వ వంతు నుంచి 200వ వంతు వరకు, ఆపైన నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే బల్బ్ సెట్టింగ్ ఒకటి. ఇంతా చేసి ఇస్తే కంపెనీ సొంత ఫ్యాక్టరీ దీన్ని తయారుచేయడానికి ఒప్పుకోలేదు, బొమ్మలాంటిది మేం చేయం అన్న ధోరణి, అందుకని మొదట్లో సాంకో షోజీ అనే బయటి సంస్థ చేత చేయించారు. 1959 అక్టోబర్‌లో ఒలింపస్ పెన్ బజారులోకి వచ్చింది. జేబులో పెన్నులా వెంట ఉండాలని ఆ పేరు. అది ఎంత ఆడిందంటే ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా రకరకాల పెన్‌లు వస్తూనే ఉన్నాయి, మొత్తం సిరీస్ 1 కోటి 70 లక్షలకు పైగా అమ్ముడైందని లెక్క.

సగం ఫ్రేము సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పిసినారి ఏర్పాటు అనుకుంటారు. 35 ఎంఎం ఫిల్మ్ పుట్టింది సినిమా కోసం. సినిమా కెమెరాలో రీలు నిలువుగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేము 24 ఎంఎం వెడల్పు, 18 ఎంఎం ఎత్తు. జర్మనీలో లైకాని రూపొందించిన ఆస్కర్ బార్నాక్ అదే ఫిల్మ్‌ని అడ్డంగా నడిపి, రెండు సినిమా ఫ్రేముల చోటు కలిపి ఒక ఫొటోకి ఇచ్చాడు, అలా వచ్చిందే 24×36. 1925లో లైకా అమ్మకానికి వచ్చాక అదే ప్రపంచానికి ప్రమాణమైపోయింది. మైతాని చేసింది మళ్లీ ఆ పాత సినిమా ఫ్రేము సైజుకే వెళ్లడం. సైజు అదే కానీ ఇక్కడ ఫిల్మ్ అడ్డంగా నడుస్తుంది కాబట్టి కెమెరాని మామూలుగా పట్టుకుంటే ఫొటో నిలువుగా వస్తుంది, అడ్డం ఫొటో కావాలంటే కెమెరాని నిలువుగా తిప్పాలి. ఫోన్లకి అలవాటుపడిన చేతులకి ఇది అస్సలు ఇబ్బంది కాదు. వెనకటివాళ్లు దీని గురించి గొణుక్కున్నారేమో గానీ, ఇవాళ ఈ కెమెరా మొదటిసారి పట్టుకున్న కుర్రాళ్లు వ్యూఫైండర్ నిలువుగా ఉండటాన్ని గమనించను కూడా గమనించరు.

సరే, మన ఈఈకి వద్దాం. మొదటి పెన్ చవకే గానీ, ఎక్స్‌పోజర్ లెక్కలు, అంటే ఫిల్మ్ మీద ఎంత వెలుతురు పడాలో, తెలియనివాళ్లకి కొరకరాని కొయ్యే. ఇంట్లో అందరూ తీసుకోగలిగే కెమెరా కావాలని 1961లో పెన్ ఈఈ వచ్చింది. ఈఈ అంటే ఎలక్ట్రిక్ ఐ. లెన్సు చుట్టూ గుండ్రంగా బుడిపెలు బుడిపెలుగా ఒక పట్టీ కనిపిస్తుంది చూడండి, అలంకారం కాదు, దాని వెనక సెలీనియం సెల్ ఉంటుంది. వెలుతురు పడితే దానంతట అదే కాస్త కరెంటు పుట్టిస్తుంది, కాబట్టి కెమెరాకి బ్యాటరీ అక్కర్లేదు. ఆ కరెంటు లోపల ఒక సన్నటి సూదిని కదుపుతుంది. మనం బటన్ సగం నొక్కగానే మెట్లు మెట్లుగా ఉన్న ఒక రేకు వచ్చి ఆ సూదిని ఉన్నచోటే పట్టేస్తుంది, సూది ఏ మెట్టు దగ్గర దొరికిందో దాన్నిబట్టి అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎంత తెరుచుకోవాలో తేలిపోతుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది). చిప్పు లేదు, సర్క్యూట్ బోర్డు లేదు. వెలుతురు చాలక సూది కదలకపోతే షట్టర్ లాక్ అయిపోతుంది, వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా ఒకటి పైకి లేస్తుంది. "నావల్ల కాదు" అని ముఖం మీదే చెప్పే కెమెరా ఇది. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది ఈ నిజాయితీయే.

ఇంకో చిన్న ముచ్చట. సెల్ లెన్సు చుట్టూనే ఉంది కాబట్టి మూత పెడితే రెండూ మూసుకుపోతాయి. అంటే లెన్సు రింగుని ఆటో మీద, అంటే అపెర్చర్ కెమెరాకే వదిలేసే గుర్తు మీద, పెట్టి మూత తీయకుండా ఫొటో తీద్దామన్నా తీయనివ్వదు, ఎర్ర జెండా లేస్తుంది. లెన్సుకీ వ్యూఫైండర్‌కీ సంబంధం లేని కెమెరాలతో మూత తీయడం మర్చిపోయి రీళ్లకి రీళ్లు నల్లగా తెచ్చుకున్నవాళ్లు ఎందరో, వాళ్లకి దీని విలువ తెలుస్తుంది. ముందు ఫిల్టర్ బిగించినా అంతే, ఫిల్టర్ ఎంత వెలుతురు మింగుతుందో సెల్ కూడా దాని గుండానే చూస్తుంది, వేరే లెక్క వేసుకోనక్కర్లేదు.

ఈ ఈఈకి 1968లో వచ్చిన తమ్ముడు ఈఈ-2, పైన ఫ్లాష్ పెట్టుకునే హాట్ షూ, తలుపులా తెరుచుకునే వెనక భాగం, రీలు మార్చగానే దానంతట అదే సున్నాకి వచ్చే కౌంటర్ అందులో వచ్చాయి. మనం మాట్లాడుకుంటున్న ఈఈ-3 1973లో వచ్చింది, ఫ్లాష్ వాడేటప్పుడు లెక్కలు తప్పించే చిన్న సదుపాయం తప్ప ఈఈ-2కీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పదేళ్లు అలాగే అమ్మారు, 1983లో ఆపారు. కాబట్టి ఈఈ-2 బాగున్నది దొరికితే ఈఈ-3 కోసం పట్టుబట్టాల్సిన పనేం లేదు.

ఇక వాడకం. చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది, అంతా లోహం, ప్లాస్టిక్ బొమ్మలా డొల్లగా అనిపించదు. ఫోకస్ తిప్పేదేం లేదు, అది ఫిక్స్‌డ్. షట్టర్‌కి రెండే స్పీడులు, 40వ వంతు, 200వ వంతు, వెలుతురుని బట్టి అదే మార్చుకుంటుంది. మనం చేసేది ఫిల్మ్ స్పీడు రింగు తిప్పి పెట్టడం, చక్రం తిప్పడం, నొక్కడం. ఫిల్మ్ స్పీడంటే డబ్బా మీద ఉండే 100, 200, 400 లాంటి అంకె, అది పెరిగేకొద్దీ ఫిల్మ్‌కి తక్కువ వెలుతురు చాలు. చప్పుడు చిన్న టిక్, పక్కవాళ్లకి కూడా వినపడదు. ఎదుటివాళ్లు దీన్ని చూసి బిగుసుకుపోరు, బొమ్మ అనుకుని నవ్వుతారు, ఆ నవ్వే ఫొటోలో పడుతుంది.

ఎండలో తీసిన ఫొటోలు స్కాన్ చేసి చూస్తే లెన్సు గురించి పైన చెప్పిందంతా ఎందుకు చెప్పానో అర్థమవుతుంది. ఇంత చిన్న ఫ్రేములో గోడ మీది రాతలు, చెట్టు ఆకులు విడివిడిగా కనిపిస్తాయి, కాంట్రాస్ట్ బాగుంటుంది, మూలల్లో కాస్త మెత్తబడుతుంది గానీ చికాకు పెట్టేంత కాదు. ఎదురుగా సూర్యుడు ఉంటే మాత్రం తెల్లటి పొర కమ్ముతుంది, అప్పటి కోటింగ్ అంతే.

కానీ ఏ ఫిల్మ్ వేయాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం, దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు. అందరూ ఇచ్చే సలహా "400 వేసెయ్, అన్నిటికీ పనికొస్తుంది" అని. ఈ కెమెరాకి అది మంచి సలహా కాదు. ఎండ దంచుతున్నప్పుడు 400 వేస్తే షట్టర్ 200వ వంతుకి మించి పోలేదు కాబట్టి, కెమెరాకి ఉన్న ఒకే దారి అపెర్చర్‌ని ఎఫ్22 దాకా మూసేయడం. అంత సన్నటి రంధ్రం గుండా వచ్చిన వెలుతురు చెదిరి, ఇంత చిన్న ఫ్రేములో ఫొటో మొత్తం మెత్తగా వస్తుంది. పైగా ఫ్రేము సగమే కాబట్టి అదే సైజు ప్రింటుకి రెట్టింపు విస్తీర్ణం పెంచాలి, గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది గరుకు చుక్కలు, కూడా అంతే పెరుగుతుంది. బడ్జెట్ అంతా పోసి పెట్టిన లెన్సుని మన చేత్తో మనమే పాడుచేసుకోవడం అన్నమాట. బయట తిరిగేటప్పుడు 100 గానీ 200 గానీ వేయండి. మబ్బు రోజులకీ నీడ పట్టున తీసేవాటికీ 400 ఉంచుకోండి. 400 దాటిన ఫిల్మ్ వాడాలంటే రింగు మీద అంకె లేదు, అక్కడితో సరి.

100 వేస్తే వచ్చే ఇబ్బందీ చెప్తాను. సాయంత్రం వెలుతురు తగ్గిందంటే ఎర్ర జెండా లేవడం మొదలవుతుంది, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద దాదాపు ఎప్పుడూ అదే. అప్పుడు రింగుని ఆటో నుంచి తప్పించి ఎఫ్3.5 మీద పెడితే లాక్ ఊడుతుంది, షట్టర్ 40వ వంతు మీద పడుతుంది. నెగెటివ్ ఫిల్మ్ అయితే కాస్త చీకటైనా ఏదో ఒకటి వస్తుంది. చెయ్యి కదలకూడదు, అంతే. కానీ పూర్తిగా తెరిచిన అపెర్చర్ దగ్గర ఫిక్స్‌డ్ ఫోకస్ బండారం బయటపడుతుంది, దగ్గర మనుషులు కాస్త మసగ్గా వస్తారు. ఎండలో అపెర్చర్ చిన్నదిగా ఉంటుంది కాబట్టి ఈ లోపం కనపడదు. మొత్తానికి మీటరున్నర కంటే దగ్గరగా ఏదీ తీయొద్దు. పువ్వులు, ప్లేట్లో తిండి, పసిపిల్లల క్లోజప్పులు దీని పని కాదు.

వెనక నుంచి వెలుతురు పడే మనిషిని తీయాలంటే ఒక చిట్కా ఉంది. కెమెరాని కొంచెం కిందికి నేలవైపు వంచి బటన్ సగం నొక్కి పట్టుకోండి, సూది అక్కడే ఇరుక్కుంటుంది, అలాగే పైకెత్తి ఫ్రేము కుదుర్చుకుని పూర్తిగా నొక్కండి. ముఖం నల్లబడదు.

72 ఫొటోల గొడవకి వద్దాం. ఫిల్మ్ ఖరీదు పెరిగిన ఈ రోజుల్లో ఇది లాభమే అనిపిస్తుంది, లెక్కకి లాభమే. కానీ రీలు ఎంతకీ అవ్వదు! మొదటి ఫొటో ఎండాకాలంలో తీస్తే చివరిది వానల్లో తీయాల్సి వస్తుంది, లోపల ఉన్నది మాత్రం ఆ ఒక్క ఫిల్మే. కడిగించి చూసుకునే ఆత్రం ఉన్నవాళ్లు 24 ఫొటోల రీళ్లు దొరికితే అవి వేసుకోండి, 48 వస్తాయి, అదే ఎక్కువ. ఇక స్కానింగ్‌కి చాలాచోట్ల ఫ్రేముల లెక్కన తీసుకుంటారు కాబట్టి ఫిల్మ్‌లో మిగిల్చింది అక్కడ పోతుంది. ఇచ్చేటప్పుడే హాఫ్ ఫ్రేము అని రీలు మీద రాసి, నోటితో కూడా చెప్పండి. నా రీలొకటి ఒక ల్యాబ్‌వాళ్లు మామూలు ఫ్రేముల లెక్కన కత్తిరించేశారు, కొన్ని చోట్ల కత్తెర సరిగ్గా ఫొటో మధ్యలో పడింది, అడిగితే మెషిన్ అలాగే కట్ చేస్తుందండీ అన్నారు. కత్తిరించకుండా చుట్టగా ఇమ్మనడం ఉత్తమం.

దీనికి ఒక సరదా కూడా లేకపోలేదు. రెండేసి ఫ్రేములు కలిపి ఒకే ఫొటోగా స్కాన్ చేయమంటే పక్కపక్కన ఉన్న రెండు క్షణాలు జంటగా వస్తాయి. వరసగా తీసేటప్పుడు దీన్ని దృష్టిలో పెట్టుకుని, ముందు దూరం నుంచి వీధి, వెంటనే ఆ వీధిలో ఒక మనిషి, ఇలా తీస్తూ పోతే భలే కుదురుతాయి. రెండు ఫ్రేములు వేరే రోజులవైతే ఇంకా తమాషాగా ఉంటుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి? అన్నిటికంటే ముందు సెల్. రింగు ఆటో మీద పెట్టి, లెన్సుని అరచేత్తో పూర్తిగా మూసి బటన్ నొక్కండి. ఎర్ర జెండా లేచి షట్టర్ పడకూడదు. తర్వాత బాగా వెలుతురున్న వైపు తిప్పి నొక్కితే పడాలి. చీకట్లో కూడా టక్కున పడిపోతోందంటే లోపల ఏదో ఇరుక్కుంది, ఎండలో కూడా జెండా లేస్తోందంటే సెల్ చచ్చిపోయింది. సెలీనియం తేమకీ వయసుకీ పాడవుతుంది, బాగుచేయడం కుదరదు, ఇంకో కెమెరా నుంచి తీసి వేయాల్సిందే. సెల్ పోయినదాన్ని కూడా ఆటో వదిలేసి, రింగుతో అపెర్చర్ మనమే పెట్టుకుంటూ వాడొచ్చు, కానీ షట్టర్ 40వ వంతు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఎండలో తక్కువ స్పీడు ఫిల్మ్ తప్ప గతి లేదు. అలాంటిది చాలా తక్కువకి ఇస్తే తప్ప తీసుకోకండి. "సెల్ పనిచేస్తుంది" అని అమ్మేవాళ్లు చెప్పినా అది సరిగ్గా కొలుస్తోందా అన్నది వేరే విషయం, బటన్ నొక్కి పట్టుకుని లెన్సులోకి చూస్తూ, నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి అపెర్చర్ సైజు మారుతోందో లేదో చూడండి.

తర్వాత లెన్సులో బూజు, షట్టర్ బ్లేడ్లకి నూనె మరకలు, వెనక తలుపు అంచుల్లో వెలుతురు చొరబడకుండా పెట్టిన పాత ఫోమ్ జిగురుగా మారిందా అన్నవి. ఫోమ్ మార్చుకోవడం పెద్ద పని కాదు. బూజు మాత్రం వద్దు.

ఇంత బాగా ఆడిన హాఫ్ ఫ్రేము పెన్‌లు ఎందుకు ఆగిపోయాయంటే, ఒక కారణం పోటీ. రికో ఆటో హాఫ్, కానన్ డెమీ లాంటివి వెంటనే దిగాయి. అసలు దెబ్బ మాత్రం మామూలు ఫ్రేము కెమెరాలే చిన్నగా, చవగ్గా అయిపోవడం, 1968లో వచ్చిన కొనికా సి35 లాంటివి. రంగుల ప్రింట్లొచ్చాక ప్రతి ఫొటోకీ ప్రింటు ఖర్చు ఉంటుంది కాబట్టి, ఫిల్మ్‌లో మిగిలేది పెద్దగా ఆకర్షించలేదు. మైతాని అప్పటికే మామూలు ఫ్రేము కెమెరాల వైపు వెళ్లాడు, తర్వాత ఒలింపస్ ఓఎం-1, ఎక్స్‌ఏ కెమెరాలు కూడా ఆయన చేతి మీదుగా వచ్చినవే. 2009లో, పెన్‌కి యాభై ఏళ్లు నిండిన ఏడాది, ఒలింపస్ డిజిటల్ పెన్ తెచ్చింది, అదే ఏడాది ఆయన పోయారు.

కొత్తది కావాలంటే 2024లో వచ్చిన పెంటాక్స్ 17 ఉంది, అదీ సగం ఫ్రేమే, మంచి గాజు లెన్సు, దూరాన్ని బట్టి ఫోకస్ మార్చుకోవచ్చు, చీకట్లోనూ పనిచేస్తుంది, బ్యాటరీ కావాలి, ధర చూస్తే గుండె ఆగుతుంది. కొడాక్ పేరుతో వచ్చే ఎక్తార్ హెచ్35 చవక, కానీ అది పైన చెప్పిన ప్లాస్టిక్ డొల్ల బాపతే, షట్టర్ ఒక్కటే, లెన్సు సంగతి అడక్కండి. ఆ రెండిటి మధ్యలో పాత ఈఈ-3 ఇప్పటికీ నిలబడుతుంది, సెల్ బతికున్నది దొరికితేనే సుమా. మీరు ఎక్కువగా తీసేది మనుషుల్ని, అదీ దగ్గర నుంచి అయితే దీన్ని వదిలేసి ఇదే పెన్ సిరీస్‌లోని ఈఈఎస్-2 వెతకండి, అదే ఒళ్లు, అదే సెల్, కాకపోతే 30 ఎంఎం ఎఫ్2.8 లెన్సు, దాని మీద ఫోకస్ దూరం మార్చుకునే గుర్తులు కూడా ఉంటాయి.